క్రీమ్ లేని క్రీమ్ ఏల్!

చవక బీరు, తాతల కాలం బీరు, మొక్కజొన్న కలిపిన బీరు అని అమెరికాలో ఒకప్పుడు మూలన పడేసిన సరుకు ఇది. ఇప్పుడు అదే బీరుని పెద్ద పేరున్న బ్రూవరీలు కూడా గర్వంగా అమ్ముకుంటున్నాయి. ఇంతకీ దాని రుచి ఏంటి? ఎలా తయారవుతుంది? దాన్నెందుకంత చులకన చేశారు?

మైసూర్ బజ్జీలో మైసూర్ ఉండదు. క్రీమ్ ఏల్‌లో క్రీమ్ ఉండదు. పాలు, మీగడ, పాల చక్కెర... ఇవేవీ అందులో పడవు. నున్నగా గొంతు దిగుతుంది, పైన తెల్లటి నురగ మందంగా నిలబడుతుంది అని చెప్పుకోడానికి పాతకాలం వ్యాపారులు పెట్టుకున్న పేరు అది. లేబుల్ చూసి ఐస్‌క్రీమ్ సోడాలాంటిది ఏదో అనుకుని తాగితే మాత్రం నిరాశే.

పేరు సంగతి అలా ఉంచితే, అమెరికాలోనే పుట్టి అమెరికాలోనే పెరిగిన కొద్దిపాటి బీరు రకాల్లో క్రీమ్ ఏల్ ఒకటి. మిగతావాటిలో చాలా రకాలకు మూలాలు జర్మనీలోనో, ఇంగ్లండ్‌లోనో, బెల్జియంలోనో ఉంటాయి. దీనికి మాత్రం అమెరికా మట్టి, అమెరికా మొక్కజొన్న, అమెరికా మార్కెట్ పోటీ, మూడూ కలిసి ఒక రూపం ఇచ్చాయి. ధర కూడా తక్కువే. అక్కడి సూపర్‌మార్కెట్లో ఖరీదైన ఐపీఏ క్యాన్లు నాలుగు కొనే డబ్బుతో దాదాపు పన్నెండు క్రీమ్ ఏల్ క్యాన్లు వచ్చేస్తాయి.

ముందు ఏల్, లాగర్ తేడా చూద్దాం

బీర్లన్నీ స్థూలంగా రెండు కుటుంబాలు. తేడా అంతా ఈస్ట్‌లోనే ఉంది.

ఏల్ ఈస్ట్‌కి కాస్త వెచ్చదనం కావాలి. 15 నుంచి 22 డిగ్రీల సెల్సియస్ దగ్గర చకచకా పని చేస్తుంది. ఆ వేగంలో పండ్ల వాసనలు కొన్ని పుట్టిస్తుంది. వాటిని ఎస్టర్లు అంటారు. ఇంటర్ కెమిస్ట్రీలో చదువుకున్నాం కదా, అవే. ఆపిల్‌లా, పియర్ పండులా, అరటిపండులా వచ్చే ఆ వాసనలే ఏల్ గుర్తులు.

లాగర్ ఈస్ట్‌కి చల్లగా ఉండాలి. 8 నుంచి 13 డిగ్రీల దగ్గర నిదానంగా పులియబెడుతుంది. ఆ తర్వాత సున్నాకి దగ్గరగా ఉండే చలిలో వారాల తరబడి ఆ బీరుని నిల్వ ఉంచాలి. జర్మన్‌లో 'లాగర్న్' అంటే నిల్వ చేయడమే. ఇలా చేస్తే పండ్ల వాసనలు అంతగా రావు, బీరు శుభ్రంగా, తేటగా వస్తుంది. మన దగ్గర షాపుల్లో దొరికే మామూలు బీర్లలో ఎక్కువ భాగం లాగర్లే.

క్రీమ్ ఏల్ ఈ రెండింటి మధ్యలో ఉంటుంది. ఏల్‌లా పులియబెడతారు, లాగర్‌లా చల్లబెడతారు. కొందరు ఏల్ ఈస్టే వాడతారు, కొందరు లాగర్ ఈస్ట్‌ని కాస్త వెచ్చగా నడిపిస్తారు, ఇంకొందరు రెండూ కలుపుతారు. దారి ఏదైనా చేరాల్సిన చోటు ఒకటే: తాగేవాడికి లాగర్‌లా తేలిగ్గా అనిపించాలి, తయారు చేసేవాడికి లాగర్ అంత ఆలస్యం కాకూడదు.

జర్మన్ల దెబ్బకి పుట్టిన జవాబు

1840ల దాకా అమెరికాలో బీరు అంటే ఇంగ్లిష్ పద్ధతి ఏలే. చిక్కగా, ముదురు రంగులో, ఒక్కోసారి పులుపు తిరిగి ఉండేది. ఆ దశాబ్దం నుంచి జర్మనీ వలసదారులు పెద్ద సంఖ్యలో దిగారు. వస్తూ వస్తూ లాగర్ ఈస్ట్‌నీ, దాన్ని వాడే పనితనాన్నీ వెంట తెచ్చుకున్నారు. బంగారు రంగులో మెరుస్తూ, చల్లగా, బుసబుసలాడే లాగర్ చూసి జనం అటు పోయారు. కృత్రిమంగా చల్లబరిచే యంత్రాలు వచ్చాక లాగర్‌కి ఎదురే లేకుండా పోయింది.

ఏల్ బ్రూవర్ల పరిస్థితి ఏంటి మరి? లాగర్ చేయాలంటే చల్లటి గదులు కావాలి, ఐసు కావాలి, వారాల తరబడి సరుకు కదలకుండా డబ్బు ఇరుక్కుపోవాలి. అందుకని ఒక మధ్యేమార్గం పట్టుకున్నారు. ఉన్న ఈస్ట్‌తోనే రంగు తగ్గించి, ఒళ్లు తేలిక చేసి, గ్యాస్ పెంచి, త్వరగా అమ్మేసే ఏల్ తయారు చేశారు. నిల్వ ఉంచకుండా వెంటనే తాగే రకం కాబట్టి 'ప్రెజెంట్ యూజ్ ఏల్' అనేవారు. క్రీమ్ ఏల్ అన్న పేరూ అప్పటిదే.

మొక్కజొన్న ఎందుకు చేరిందో కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చవగ్గా వస్తుందనే కలిపారని చాలామంది అనుకుంటారు. అసలు కారణం అమెరికా బార్లీ. అక్కడ ఎక్కువగా పండేది కంకికి ఆరు వరుసల గింజలుండే బార్లీ. దాంట్లో ప్రొటీన్ ఎక్కువ. యూరప్‌లో వాడే రెండు వరుసల బార్లీతో పోలిస్తే బీరు మసకమసకగా, బరువుగా వచ్చేది. అయితే ఆ ఆరు వరుసల బార్లీకి ఒక ప్లస్ పాయింట్ ఉంది. పిండి పదార్థాన్ని చక్కెరగా మార్చే ఎంజైములు దాంట్లో దండిగా ఉంటాయి. తన పిండినే కాదు, పక్కన పోసిన పిండిని కూడా మార్చేయగలవు. మొక్కజొన్న, బియ్యం లాంటివాటిలో పిండి ఎక్కువ, బీరులోకి దిగే ప్రొటీన్ తక్కువ. రెండూ కలిపితే లెక్క సరిపోయింది! ప్రాగ్‌లో చదువుకుని అమెరికా వచ్చిన ఆంటన్ ష్వార్జ్ అనే నిపుణుడు 19వ శతాబ్దం చివర్లో ఈ పద్ధతిని బ్రూవర్లకి నేర్పించి ప్రచారం చేశాడు. అంటే మొక్కజొన్న కల్తీగా రాలేదు. ఒక ఇంజినీరింగ్ సమస్యకి పరిష్కారంగా వచ్చింది.

తర్వాత 1920లో దేశమంతా మద్యనిషేధం పడింది. 1933లో ఎత్తేసేసరికి వందల బ్రూవరీలు మాయమైపోయాయి. మిగిలినవాటిలో క్రీమ్ ఏల్ చేసేవి కొన్నే. అవి కూడా ఎక్కువగా ఈశాన్యంలో, ఒహాయో లాంటి చోట్ల ఉన్నాయి.

రోచెస్టర్ పచ్చ క్యాన్

క్రీమ్ ఏల్ అనగానే అమెరికావాళ్లకి గుర్తొచ్చే పేరు జెనెసీ. న్యూయార్క్ రాష్ట్రంలో, న్యూయార్క్ నగరానికి చాలా దూరంగా, కెనడా సరిహద్దు వైపు రోచెస్టర్ అనే ఊరు ఉంటుంది. కొడాక్ కంపెనీ పుట్టిన ఊరు. అక్కడ జెనెసీ నది మీద హై ఫాల్స్ అనే జలపాతం ఉంది. దాని పక్కనే 1878లో మొదలైంది జెనెసీ బ్రూవరీ. నిషేధంలో మూతపడి 1933లో మళ్లీ తెరుచుకుంది. 1960లో పచ్చ రంగు లేబుల్‌తో 'జెనెసీ క్రీమ్ ఏల్' విడుదల చేసింది. ఆల్కహాల్ 5.1 శాతం. ఊళ్లోవాళ్లు ముద్దుగా 'జెన్నీ' అంటారు. కాలేజీ కుర్రాళ్లయితే 'జెన్నీ స్క్రీమర్' అంటారు.

ఆ ఊరి చరిత్ర పక్కన పెట్టి చూస్తే ఈ క్యాన్ అర్థం కాదు. 1980ల మొదట్లో ఒక్క రోచెస్టర్ ప్రాంతంలోనే కొడాక్‌కి దాదాపు 60,000 మంది ఉద్యోగులుండేవారు. షిఫ్టు దిగాక తాగే బీరు జెన్నీ. డిజిటల్ కెమెరాలు వచ్చాయి, ఫిల్మ్ పోయింది, 2012 జనవరిలో కొడాక్ దివాలా పిటిషన్ వేసింది. బీరు రంగంలో కూడా అదే తరహా ఒత్తిడి. దేశమంతా టీవీ ప్రకటనలు గుప్పించే రెండు మూడు పెద్ద కంపెనీల ముందు ఊరి బ్రూవరీలు నిలబడలేకపోయాయి. 1970ల చివరికి మొత్తం అమెరికాలో పని చేస్తున్న బ్రూవరీలు వంద కూడా లేవు!

జెనెసీ కూడా ఊగిసలాడింది. 2000లో యాజమాన్య కుటుంబం బ్రూవరీని అమ్మేసింది. కొన్నది సొంత మేనేజర్లు, ఉద్యోగుల బృందమే. హై ఫాల్స్ అని పేరు మార్చి నడిపారు. 2009లో ఒక పెట్టుబడి సంస్థ చేతికి వెళ్లింది, పాత జెనెసీ పేరు తిరిగొచ్చింది. 2012లో కోస్టారికాకి చెందిన కంపెనీ కొనుక్కుంది. అదే ఏడాది జలపాతం ఎదురుగా 'జెనెసీ బ్రూ హౌస్' తెరిచారు. ఇన్ని చేతులు మారినా పచ్చ క్యాన్ మాత్రం ఆగలేదు. గ్రేట్ అమెరికన్ బీర్ ఫెస్టివల్లో తన విభాగంలో బంగారు పతకాలు కూడా కొట్టింది. దాన్ని చవక బీరు అని వెక్కిరించేవాళ్లు ఈ సంగతి మాత్రం ఎత్తరు.

నోట్లో ఏం తెలుస్తుంది?

గ్లాసులో పోస్తే లేత గడ్డి రంగు. అవతలి వైపు వేలు పెడితే కనిపించేంత తేట. తెల్లటి నురగ. గ్యాస్ బాగా ఎక్కువ.

ముక్కు దగ్గర పెట్టుకుంటే పెద్దగా ఏమీ రాదు. కాస్త బ్రెడ్డు వాసన, కాస్త తీపి మొక్కజొన్న వాసన, వెనకాల ఎక్కడో పండు వాసన. గుక్క వేస్తే మొదట చల్లదనం, బుడగల చురుకు. తర్వాత నాలుక మీద సన్నటి తీపి. అది చక్కెర తీపి కాదు, లేత మొక్కజొన్న గింజ కొరికినప్పుడు వచ్చే తీపి. చేదు చివర్లో వచ్చి, తీపిని తుడిచేసి వెళ్లిపోతుంది. గొంతు దిగాక నోరు దాదాపు పొడిగా ఉంటుంది. ఇంకో గుక్క వేయాలనిపించేది అందుకే.

చేదుకి ఒక కొలత ఉంది, ఐబీయూ అంటారు. బీరు పోటీల్లో జడ్జీలు వాడే ప్రమాణాల ప్రకారం క్రీమ్ ఏల్ చేదు 8 నుంచి 20 ఐబీయూ. అమెరికన్ ఐపీఏకి 40 నుంచి 70. ఆల్కహాల్ 4.2 నుంచి 5.6 శాతం మధ్య. బీరంటేనే చేదు కషాయం అని ముఖం తిప్పుకునేవాళ్లకి కూడా ఇది ఇబ్బంది పెట్టదు.

ఒక్క షరతు: చల్లగానే తాగాలి. వేడెక్కేకొద్దీ గ్యాస్ పోతుంది, మొక్కజొన్న వాసన ముందుకొస్తుంది, తీపి వెగటు అనిపిస్తుంది. రోచెస్టర్‌లో దీన్ని 'గార్బేజ్ ప్లేట్' అనే లోకల్ తిండితో లాగిస్తారు. పేరు చూసి భయపడకండి. వేయించిన బంగాళాదుంపలు, మాకరోనీ సలాడ్, వాటి మీద సాసేజో బర్గర్ ముక్కో, ఆ పైన ఉల్లిపాయలు, ఆవాల ముద్ద, కారం కారంగా ఉండే మాంసం సాస్. ఆ నూనెనీ కారాన్నీ కడిగేయడానికి చేదు తక్కువ, గ్యాస్ ఎక్కువ ఉన్న బీరు సరిగ్గా పనికొస్తుంది. మన మిరపకాయ బజ్జీకీ ఇదే లాజిక్.

తయారీ: ఒక్కో మెట్టు వెనక ఒక కారణం

'తేలిక బీరు కదా, తయారీ కూడా తేలికే' అనుకుంటే పొరపాటు. ఘాటైన ఐపీఏలో చిన్న లోపం ఉంటే ఆ పూల వాసనల్లో కొట్టుకుపోతుంది. క్రీమ్ ఏల్ తెల్ల చొక్కా లాంటిది. చిన్న మరక పడినా దూరం నుంచే కనిపిస్తుంది.

మొదటి మెట్టు, పిండి నానబెట్టడం. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీనే మాల్ట్ అంటారు. దాన్ని పగలగొట్టి 65 డిగ్రీల వేడి నీళ్లలో గంటసేపు నానబెడతారు. ఎంజైములు లేచి పిండిని చక్కెరగా మారుస్తాయి. ఇక్కడ ఉష్ణోగ్రతే స్విచ్. 68, 69 డిగ్రీలకి పోతే ఈస్ట్ తినలేని చక్కెరలు మిగిలి బీరు బరువెక్కుతుంది. 64, 65 దగ్గర ఉంచితే ఈస్ట్ దాదాపు అంతా తినేస్తుంది, బీరు పొడిగా, తేలిగ్గా వస్తుంది. క్రీమ్ ఏల్‌కి కావాల్సింది ఇదే.

మరి మొక్కజొన్న? దాని పిండి మెత్తబడాలంటే ఇంకా ఎక్కువ వేడి కావాలి. అందుకే పెద్ద బ్రూవరీల్లో మొక్కజొన్న రవ్వని వేరే పాత్రలో ఉడికిస్తారు. ఉత్తి రవ్వ ఉడికిస్తే సంకటిలా గట్టిపడి అడుగంటుతుంది. అందుకని అందులో కొంచెం మాల్ట్ కలుపుతారు. మొలకెత్తిన రాగులతో చేసిన జావ మామూలు జావ కంటే పలచగా ఉంటుంది కదా, ఆ సూత్రమే. ఉడికిన ఆ గంజిని తెచ్చి అసలు పాత్రలో పోస్తారు. ఇంట్లో చేసుకునేవాళ్లకి ఇంత శ్రమ లేదు. ముందే ఆవిరిలో ఉడికించి నొక్కిన మొక్కజొన్న అటుకులు దొరుకుతాయి. నేరుగా కలిపేయొచ్చు. మొత్తం గింజల్లో మొక్కజొన్న సుమారు 20 శాతం దాకా ఉంటుంది. బార్లీ రుచి మిగలాలి, ఒళ్లు పలచబడాలి. ఆ రెండింటికీ కుదిరే లెక్క అది.

రెండో మెట్టు, మరిగించడం. వడకట్టిన ఈ తీపి నీళ్లని వోర్ట్ అంటారు. దీన్ని చాలామంది బ్రూవర్లు 90 నిమిషాల పాటు మూత లేకుండా మరిగిస్తారు. ఎందుకంటే లేత మాల్ట్‌లో ఎస్ఎమ్ఎమ్ అనే పదార్థం ఉంటుంది. వేడికి అది డైమిథైల్ సల్ఫైడ్‌గా, అంటే డీఎమ్ఎస్‌గా మారుతుంది. ఉడికించిన మొక్కజొన్న పొత్తుల నీళ్ల వాసన దానిది. గమ్మత్తు ఏంటంటే, ఈ బీరులో వచ్చే మొక్కజొన్న వాసనలో చాలా భాగం మొక్కజొన్న వల్ల కాదు, బార్లీ మాల్ట్ వల్లే! మూత తీసి గట్టిగా మరిగిస్తే డీఎమ్ఎస్ ఆవిరితో పోతుంది. మూత పెడితే ఆవిరి చుక్కలై మళ్లీ లోపలికే పడుతుంది. ఇంకో చిక్కు. స్టవ్ ఆపేశాక కూడా వేడిగా ఉన్నంతసేపూ అది పుడుతూనే ఉంటుంది, కానీ మరుగు లేదు కాబట్టి బయటికి పోదు. అందుకే మరిగించిన వెంటనే గబగబా చల్లార్చాలి. క్రీమ్ ఏల్‌లో ఈ వాసన లీలగా ఉంటే తప్పు పట్టరు. ఎక్కువైతే లోపమే.

మరిగేటప్పుడే చేదు కోసం హాప్ పూలు వేస్తారు. అవి కొంచెమే. వాసన కోసం చివర్లో వేసే పూలు దాదాపు ఉండవు.

మూడో మెట్టు, పులియబెట్టడం. ఏల్ ఈస్ట్‌ని దాని సౌకర్యానికి కాస్త దిగువన, 15 నుంచి 18 డిగ్రీల దగ్గర నడిపిస్తారు. వేడి పెరిగితే పండ్ల వాసన ఎక్కువై క్రీమ్ ఏల్ స్వభావం పోతుంది. మరీ తగ్గితే ఈస్ట్ బద్ధకిస్తుంది.

నాలుగో మెట్టు, చల్లబెట్టడం. పులిసిన బీరుని సున్నా నుంచి 2 డిగ్రీల మధ్య రెండు మూడు వారాలు కదపకుండా ఉంచుతారు. ఈస్ట్, ప్రొటీన్ రేణువులు అడుగుకి చేరతాయి. గంధకం లాంటి మొరటు వాసనలు సర్దుకుంటాయి. బీరు తేటపడుతుంది. చివర్లో గ్యాస్ కాస్త ఎక్కువ మోతాదులో ఎక్కిస్తారు.

అమెరికాలో ఇంట్లో బీరు తయారీ 1978లో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఫెడరల్ స్థాయిలో సక్రమమైంది. ఒక్కో పెద్ద మనిషికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇంటికి 200 గ్యాలన్లు దాకా సొంత వాడకానికి చేసుకోవచ్చు. అక్కడ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి పాతవాళ్లు ఇచ్చే సలహాల్లో క్రీమ్ ఏల్ తప్పకుండా ఉంటుంది. సుమారు 19 లీటర్లకి మూడున్నర కిలోల లేత మాల్ట్, 700 గ్రాముల మొక్కజొన్న అటుకులు, 25 గ్రాముల హాప్ పూలు, ఒక ప్యాకెట్ ఏల్ ఈస్ట్. అంతే సరుకు. ఖర్చు తక్కువ కాబట్టి చేయి తిరిగేదాకా సాధన చేయొచ్చు. బియ్యం కూడా కలిపే రకం ఒకటి 'క్రీమ్ ఆఫ్ త్రీ క్రాప్స్' అనే పేరుతో వాళ్లలో బాగా పాపులర్. బార్లీ, మొక్కజొన్న, బియ్యం, మూడు పంటల మీగడ అన్నమాట!

ఆకుపచ్చ సీసా గొడవ

క్రీమ్ ఏల్‌లో ఇంకో పాత కాపు 'లిటిల్ కింగ్స్'. ఒహాయోలోని సిన్సినాటి నగరంలో షోన్లింగ్ బ్రూవరీ 1958లో తెచ్చింది. బుజ్జి సీసా, 7 ఔన్సులు. మన లెక్కలో సుమారు 207 మిల్లీలీటర్లు. ఆల్కహాల్ 5.5 శాతం. సీసా ఆకుపచ్చ.

ఆ పచ్చ రంగు అందంగానే ఉంటుంది, బీరుకి మాత్రం మంచిది కాదు. హాప్ పూల చేదు పదార్థాల మీద వెలుతురు పడితే, బీరులో సహజంగా ఉండే రైబోఫ్లావిన్ సాయంతో ఒక గంధకపు పదార్థం పుడుతుంది. స్కంక్ అనే జంతువు వదిలే దుర్వాసనకి దగ్గరగా ఉంటుంది దాని వాసన. ముదురు గోధుమరంగు సీసా ఆ వెలుతురుని చాలావరకు అడ్డుకుంటుంది. ఆకుపచ్చది అంతగా అడ్డుకోలేదు. క్యాన్‌లోకి వెలుతురే రాదు. అందుకే చవక క్యాన్ బీరు ఒక్కోసారి ఖరీదైన పచ్చ సీసా బీరు కంటే తాజాగా ఉంటుంది. మీరు ఏ బీరు కొన్నా ఈ చిట్కా పనికొస్తుంది. షాపులో ట్యూబ్‌లైట్ కింద నిలబెట్టిన పచ్చ సీసా కంటే, పెట్టెలోంచి తీసిన క్యాన్ నయం.

మొక్కజొన్న అంటే అంత చిన్నచూపా?

అసలు పేచీ ఇక్కడుంది. 1980ల నుంచి అమెరికాలో చిన్న బ్రూవరీల ఉద్యమం లేచింది. పెద్ద కంపెనీలు మొక్కజొన్న, బియ్యం పోసి నీళ్ల బీరు చేస్తున్నాయి, మేం వంద శాతం మాల్ట్‌తో నిజమైన బీరు చేస్తాం అన్నది వాళ్ల నినాదం. 1516 నాటి జర్మనీ శుద్ధత చట్టాన్ని ఉదాహరణగా చూపించేవారు. విసుగెత్తిన జనానికి ఆ మాట నచ్చింది. అది మంచి బీర్లకి దారి తీసిన మాట వాస్తవం. కానీ దానితోపాటే 'మొక్కజొన్న అంటే మోసం' అనే ముద్ర కూడా పడిపోయింది.

2012 డిసెంబరులో చిన్న బ్రూవరీల సంఘం 'బ్రూవర్స్ అసోసియేషన్' ఒక జాబితా వేసింది. ఎవరు అసలైన క్రాఫ్ట్ బ్రూవర్లు కారో చెప్పే జాబితా అది. అందులో మిన్నెసోటాకి చెందిన ఆగస్ట్ షెల్ పేరు కూడా ఉంది! 1860 నుంచి ఒకే కుటుంబం నడుపుతున్న చిన్న బ్రూవరీ అది. చేసిన తప్పల్లా కొన్ని బీర్లలో మొక్కజొన్న వాడటమే. మా ముత్తాతలు ఇక్కడ దొరికే బార్లీతో మంచి బీరు చేయడానికే మొక్కజొన్న వాడారు, అది చౌకబారు పని ఎలా అవుతుంది అని ఆ కుటుంబం గట్టిగా బదులిచ్చింది. 2014లో సంఘం తన నిర్వచనాన్ని మార్చుకుంది. సంప్రదాయంగా వస్తున్న మొక్కజొన్న, బియ్యం వాడకం ఇక అనర్హత కాదంది.

అక్కడితో గొడవ ఆగిందా అంటే లేదు. 2019 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ మ్యాచ్‌లో బడ్ లైట్ ఒక ప్రకటన వేసింది. పోటీ కంపెనీల బీర్లలో కార్న్ సిరప్ ఉంటుందని వెక్కిరింపు. మొక్కజొన్న రైతుల సంఘం నొచ్చుకుంది. పోటీ కంపెనీ కోర్టుకెళ్లింది. చివరికి 2020లో అప్పీల్ కోర్టు బడ్ లైట్ కంపెనీ వైపే తీర్పు చెప్పింది. తమాషా ఏంటంటే బడ్ లైట్‌లో బియ్యం పోస్తారు! పైగా ఆ సిరప్ ఈస్ట్‌కి మేత. పులిసేటప్పుడే ఈస్ట్ దాన్ని తినేస్తుంది. మనం తాగే గ్లాసులోకి సిరప్‌గా రాదు.

నన్నడిగితే ప్రశ్న 'ఏం కలిపారు' అని కాదు, 'ఎందుకు కలిపారు' అని ఉండాలి. రుచి తీసేసి ఖర్చు తగ్గించడానికి కలిపితే అది వేరు. బరువు తగ్గించి తేటగా చేయడానికి, లెక్క ప్రకారం కలిపితే అది వంట. ఇడ్లీ పిండిలో గుప్పెడు అటుకులు వేస్తే ఇడ్లీని ఎవరైనా కల్తీ అంటారా? ఇంకో కోణం కూడా ఉంది. ఫ్యాక్టరీ షిఫ్టు దిగినవాడు తాగేదాన్ని నాసిరకం అని, ల్యాప్‌టాప్ మూసినవాడు తాగేదాన్ని కళ అని పేరు పెట్టేటప్పుడు మనం రుచి గురించే మాట్లాడుతున్నామా, జీతం గురించా?

మళ్లీ వచ్చింది

చేదు ఐపీఏల పోటీ ముదిరి, ఇంకా చేదు, ఇంకా ఘాటు అంటూ పోయాక జనానికి అలుపొచ్చింది. బ్రూవరీల సంఖ్య కూడా 9,000 దాటింది. సాయంత్రం నలుగురూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ తాగడానికి తేలికైంది కావాలి కదా! అక్కడే క్రీమ్ ఏల్‌కి తలుపు తెరుచుకుంది. ఇండియానాపోలిస్‌లో 2009లో మొదలైన సన్ కింగ్ బ్రూవరీకి బాగా పేరు తెచ్చింది 'సన్‌లైట్ క్రీమ్ ఏల్'. విస్కాన్సిన్‌లో న్యూ గ్లారస్ బ్రూవరీ చేసే 'స్పాటెడ్ కౌ' మరీ స్పెషల్. కంపెనీ దాన్ని ఫామ్‌హౌస్ ఏల్ అంటుంది, చాలామంది క్రీమ్ ఏల్ లెక్కలోనే వేస్తారు. విస్కాన్సిన్ దాటి అమ్మరు. పక్క రాష్ట్రాల వాళ్లు కార్లేసుకుని వచ్చి డిక్కీ నింపుకుని పోతారు.

ఒక జాగ్రత్త. లేబుల్ మీద 'క్రీమ్ ఏల్' అని ఉన్నవన్నీ ఒకటి కావు. కిల్‌కెనీ లాంటి 'ఐరిష్ క్రీమ్ ఏల్' ఎర్రటి బీరు. నైట్రోజన్ గ్యాస్ ఎక్కించడం వల్ల నురగ నిజంగానే మీగడలా ఉంటుంది. దీనికీ దానికీ పేరులో తప్ప చుట్టరికం లేదు.

మనకేంటి సంబంధం?

ఉంది. అమెరికా చదువులకి వెళ్లిన తెలుగువాళ్లలో రోచెస్టర్, బఫెలో, సిన్సినాటి, ఇండియానాపోలిస్ చేరినవాళ్లు తక్కువేం కాదు. ఆ ఊళ్లలో మంచు కురిసే సాయంత్రం బడ్జెట్ చూసుకుని కొనే క్యాన్ ఏదంటే ఇదే. అక్కడ 21 ఏళ్లు నిండాకే, ఐడీ చూపించాకే అన్నది మర్చిపోకండి.

ఇక్కడి సంగతికొస్తే, మన దేశంలో మామూలు లాగర్లలో కూడా బియ్యం, మొక్కజొన్న కలపడం ఎప్పట్నుంచో ఉన్నదే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ మొక్కజొన్న బాగా పండించే రాష్ట్రాలు. 2015లో తెలంగాణ ప్రభుత్వం నిబంధనలు తెచ్చాక హైదరాబాద్‌లో మైక్రోబ్రూవరీలు వరస కట్టాయి. వాటి మెనూల్లో గోధుమ బీరు, స్టౌట్, ఐపీఏ తప్పకుండా కనిపిస్తాయి. మే నెల ఎండకీ, మన తిండి కారానికీ సరిగ్గా సరిపోయేది క్రీమ్ ఏల్. కరీంనగర్ మొక్కజొన్నతో ఎవరైనా ఒక బ్యాచ్ వేస్తే చూడాలని నా కోరిక. ఇంట్లో మాత్రం ప్రయత్నించకండి. లైసెన్సు లేకుండా బీరు తయారు చేయడం మన ఎక్సైజు చట్టాల ప్రకారం నేరం. పైన చెప్పిన కొలతలు అమెరికాలో ఉన్నవాళ్లకే.

ఈసారి మెనూలో చవగ్గా ఉన్న బీరుని చూసి 'ఛీ, ఇదా' అనుకునే ముందు, దాని వెనకాల ఒక బార్లీ సమస్య, ఒక మొక్కజొన్న పరిష్కారం, 90 నిమిషాల మరుగు, మూడు వారాల ఓపిక ఉన్నాయని గుర్తు చేసుకోండి. ధర చూసి తేల్చేయకుండా ఒక గుక్క వేశాక నిర్ణయించండి. తాగే అలవాటు లేనివాళ్లు కొత్తగా మొదలెట్టాల్సిన పని లేదు, కథ తెలుసుకుంటే చాలు. తాగేవాళ్లు మాత్రం లెక్కలో తాగండి, తాగాక బండి తాళాలు ముట్టుకోకండి. క్యాబ్ చార్జీ కూడా క్రీమ్ ఏల్ లాంటిదే. ఖర్చు తక్కువ, విలువ ఎక్కువ!